టీవీ అద్దంలో మంచం కోడు

కంప్యూటర్లో బొమ్మలు చెక్కే పని నేను ఎనభైల్లోనే చేశాను, అదీ ఎమ్మిగనూరులో, అని చెబితే మా ఇంట్లో పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుతారు. నవ్వనీ. ఆ ప్రోగ్రాము రాసిన మనిషి ఒక్కడు, వాడిన మనిషిని నేనొక్కదాన్ని. ఈ భూమ్మీద దానికి ఇంకో గిరాకీ లేదు. ఏ కంపెనీ దాన్ని చేయలేదు, ఏ కొట్టులోనూ అమ్మలేదు. మా బడి లెక్కల సారు రూళ్ళ పుస్తకంలో రాసుకుని, ఒక్కో అక్షరం వెదికి వెదికి కొట్టి, పాటల క్యాసెట్లో దాచాడు. దానిమీద నాకు అంత పిచ్చి ఎందుకో చెప్పాలంటే ముందు మా అబ్బ, అంటే మా నాన్న, సంగతి చెప్పాలి.

మా అబ్బకు ఆదోనిలో తరిమెన కొట్టు ఉండేది. తరిమెన మీద కొయ్య గిరగిరా తిరుగుతుంటే ఉలి ఆనించి మంచం కోళ్ళు, ఉయ్యాల కంబాలు, చపాతీ కర్రలు తీసేవాడు. మేము దూదేకులవాళ్ళం. ఇంట్లో మాట తెలుగే, పిలుపులు మాత్రం అబ్బా, అమ్మీ. ఊరినిండా పత్తి మిల్లులే కాబట్టి మా తాత దూది ఏకుతూనే బతికాడు. అబ్బకు దూది దుమ్ము పడక దగ్గొచ్చేదట. అందుకని కొయ్య దుమ్ములోకి వచ్చాడు. తెలివి చూడండి!

డెబ్బైల్లో నేను చిన్నపిల్లగా ఉన్నప్పుడు బడి వదలగానే తిన్నగా కొట్టుకే పోయేదాన్ని. ఉలి కింద నుంచి రిబ్బన్లలాగా చివ్వున లేచే పొట్టును జడలో తురుముకుని, "అబ్బా, నాకొకసారి ఇయ్యి" అని అడిగేదాన్ని. ఆయన జవాబు ఏళ్ళ తరబడి ఒక్కటే.

"దుపట్టా సుట్టుకుంటాది, జడ సుట్టుకుంటాది, ఆఖరికి నువ్వే సుట్టుకుంటావు. పో పాపా, పోయి సదువుకో."

చదువుకున్నాను. బొమ్మలు బాగా వేస్తానని డ్రాయింగు టీచరు ట్రైనింగు ఇప్పించారు, ఎమ్మిగనూరు హైస్కూల్లో ఉద్యోగం వచ్చింది. రోజూ పొద్దున ఎర్రబస్సెక్కి పోవడం, సాయంత్రం అదే బస్సులో రావడం. జీతం తెచ్చుకునే ఆడమనిషిని అయ్యాక కూడా నా బుద్ధి మారలేదు. సెలవు రోజు వస్తే కొట్టు గడప దగ్గర నిలబడి, "ఒక్క కోడు, ఒకే ఒక్క కోడు తిప్పనియ్యి" అని వేధించేదాన్ని. ఆ కొట్ల వరసలో ఇంకో ఇద్దరు తరిమెన పనివాళ్ళు ఉండేవాళ్ళు. వాళ్ళు పని ఆపి మరీ నవ్వేవాళ్ళు. వాళ్ళు నవ్వుతున్నారనే అబ్బ ఇంకా గట్టిగా కసిరేవాడు. నాకు ముక్కుమీద కోపం. రెండ్రోజులు మాట్లాడేదాన్ని కాదు, మూడోరోజు మళ్ళీ గడప దగ్గరే.

ఇట్లా ఉండగా మా బడికి కంప్యూటరు వచ్చింది. మీటల పెట్టె ఒకటి, టీవీ ఒకటి, టేప్‌రికార్డరు ఒకటి. వాటికోసం ఒక గది ఖాళీ చేసి, కిటికీలకు తెరలు కట్టి, చెప్పులు బయట విడవాలని బోర్డు పెట్టారు. దాన్ని ముట్టుకోవడానికి అందరికీ వణుకు. లెక్కల సారు ఒక్కడే ధైర్యం చేశాడు. ఆయన వాళ్ళది మంత్రాలయం వైపు, పెద్దవాళ్ళు గుడి సేవలో ఉన్నవాళ్ళు, ఇంట్లో కన్నడం. నోట్లో నాలుక లేని మనిషి. ఎవరితో మాట్లాడాలన్నా ముందు కళ్ళద్దాలు తుడుచుకునేవాడు.

ఒకరోజు ఆ గది ముందు నుంచి పోతూ లోపలికి తొంగిచూశాను. సారు పదో తరగతికి పాఠం చెబుతున్నాడు. తెర మీద నిలువుగా ఒక గీత, దాని పక్కన పైనుంచి కిందిదాకా చుక్కలు. చుక్కను ఎంచుకుని ఒక మీట నొక్కితే అది బయటికి జరుగుతోంది, ఇంకో మీట నొక్కితే లోపలికి పోతోంది. తర్వాత పొడుగు మీట నొక్కాడు. ఆ వంకర గీత నిలువు గీత చుట్టూ తిరిగి, వలయం మీద వలయం వేసుకుంటూ, నిండు ఆకారమై నిలబడింది. ముక్కోణాన్ని తిప్పితే శంకువు ఎట్లా అవుతుందో చూపించడానికి ఆయన సొంతంగా రాసుకున్న ప్రోగ్రాము అది. పిల్లలు ఆవలిస్తున్నారు. నేను మాత్రం చెప్పులు విడవబోయి, అందాకా ఆగలేకపోయాను.

"సార్! ఇది తరిమెన కదా!" అని గడప దగ్గర నుంచే అరిచాను.

ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని, "తరిమెన అంటే ఏంటి మేడమ్?" అన్నాడు.

ఆ రోజు నుంచి ఆ గది నాది. భోజనం గంటలో డబ్బా మూత కూడా తీయకుండా అక్కడికే పరుగు. క్యాసెట్ పెడితే అది కీచుకీచుమని ఏడ్చి ఏడ్చి ప్రోగ్రామును లోపలికి ఎక్కించేది. ఒక ఆకారం పూర్తిగా గీయడానికి అది తీసుకునే సమయంలో బయటికి పోయి టీ తాగి రావచ్చు. నేను పోయేదాన్ని కాదు. ఒక్కో వలయం పడుతుంటే కళ్ళార్పకుండా చూసేదాన్ని. మంచం కోళ్ళు చేశాను, గిన్నెలు చేశాను, ఎవరూ ఎక్కడా చూడని కోళ్ళు చేశాను. కరెంటు పోతే చేసిందంతా పోయేది. కరెంటువాళ్ళను నోటికొచ్చినట్టు తిట్టుకుని మళ్ళీ మొదలుపెట్టేదాన్ని.

పాపం సారుకు నావల్ల మనశ్శాంతి లేకుండా పోయింది. ఆయన లెక్కల్లో అన్నీ నున్నగా వంపు తిరిగేవి. నాకు గంటు కావాలి, కోడు చుట్టూ లోతుగా పడే గాడి. "అక్కడ రేఖ విరిగిపోతుంది మేడమ్" అంటాడు. "విరగాలనే కదా సార్! గంటు లేకపోతే అది మంచం కోడు కాదు, రోకలి" అంటాను. నాలుగు రోజులు కూర్చుని గంటు పెట్టే మీట ఒకటి చేసిచ్చాడు. ఇంకోసారి నడుము సన్నం చేస్తూ చేస్తూ చుక్కను నిలువు గీత అవతలికి దాటించేశాను. కోడు లోపలిది బయటికి తిరగబడి తెరంతా పిచ్చి గీతలైంది. సారు తల పట్టుకున్నాడు.

"సొల్ప నిదానం మేడమ్. ఇట్లా ఎవరైనా చేస్తారా?"

"నేను చేస్తాను సార్."

అదీ పుస్తకంలో రాసుకుని సరిచేశాడు. పైకి విసుక్కున్నా లోపల మురిసిపోయేవాడని నాకు తెలుసు. తన పనిని ఒక మనిషి ఇంతగా వాడుతుంటే ఎవరికి సంతోషం ఉండదు?

నన్ను అన్నిటికంటే కట్టిపడేసింది వేరే సంగతి. తరిమెన మీద ఉలి వెంట్రుకవాసి ఎక్కువ లోతుకు దిగినా కొయ్య పోయినట్టే. ఇక్కడ పోయిన కొయ్య తిరిగి వస్తుంది! ఈ వింత ఆ సాయంత్రమే అబ్బకు చెప్పాను. ఆయన ఉలి నూరుతూ విన్నాడు.

"తప్పు సేసినా పోని కొయ్యా? అట్లయితే బయ్యమేముంటాది? బయ్యం లేకుంటే పనెట్ల వస్తాది పాపా?"

"నువ్వు కొయ్య ఇవ్వవు, నాకు బయ్యం యాడనుంచి వస్తాది?" అని విసురుగా ఇంటికి పోయాను.

ఆ ఏడే హాలహర్వి నుంచి ఒక అవ్వ మా కొట్టుకు వచ్చింది. సంచిలో నుంచి సగం మంచం కోడు తీసి బల్ల మీద పెట్టింది. పై సగం బాగానే ఉంది, కింది సగాన్ని చెదలు తినేశాయి. మిగిలిన మూడింటినీ కోడలు పొయ్యిలో పెట్టిందట.

"మా యమ్మ మంచమప్పా ఇది. సిన్నప్పుడు మంచం కింద పండుకొని ఈ కోడు పట్టుకుంటేనే నాకు నిద్దర. నాలుగూ అట్లనే సేసియ్యాల."

"కింద ఎట్లుండ్య అవ్వా?" అని అడిగాడు అబ్బ.

"ఎట్లుండ్యనా? బాగుండ్య."

అబ్బ పై సగం చూసి, కింది సగం ఊహించి ఒక కోడు తిప్పాడు. అవ్వ దాన్ని కళ్ళతో చూడనే లేదు. అరచేత్తో పైనుంచి కిందికి ఒకసారి నిమిరి, "ఇది కాదప్పా" అంది. వారం తర్వాత ఇంకోటి తిప్పితే మళ్ళీ నిమిరి, "ఇదీ కాదు" అంది. ఒక్క కొయ్య పాడైతే రెండు పూటలు అన్నం సయించని మనిషి మా అబ్బ. ఆయనకు రేగింది.

"నీ సేతికి తెలిసింది నా సేతికి ఎట్ల తెలుస్తాదవ్వా? పో, ఇంగోసోట సూసుకో."

ఆ రోజు సెలవు కాబట్టి నేను గడప దగ్గరే ఉన్నాను. "అబ్బా, ఈ అవ్వను నాకియ్యి. కోడు ఆకారం నేను తెస్తా. అది సరిపోతే నాకు ఉలి ఇయ్యాల. అందరి ముందరా ఒప్పుకో" అన్నాను. పక్క కొట్లవాళ్ళు తలలు బయటికి పెట్టారు. అబ్బ అటు చూసి, ఇటు చూసి, "తే సూద్దాం" అన్నాడు. ఒప్పుకున్నట్టా కాదా అని అడగకుండానే నేను అవ్వ చెయ్యి పట్టుకున్నాను.

శనివారం అవ్వ బస్సులో ఎమ్మిగనూరు వచ్చింది. సారు స్టూలు వేసి కూర్చోబెట్టాడు. "సినిమా ఏస్తారేమో అనుకుంటి" అని అవ్వకు కొంచెం నిరాశ. మిగిలిన పై సగాన్ని ముందే కొలిచి తెర మీద పెట్టి ఉంచాను. "అవ్వా, కండ్లు మూసుకో. మంచం కింద పండుకున్న్యావు. కోడు పట్టుకో" అన్నాను. ఆమె నిజంగానే కళ్ళు మూసుకుని, బొటనవేలూ చూపుడువేలూ కలిపి గాలిలో సున్నా చుట్టింది. "ఈడ ఇంత." కొంచెం కిందికి దింపి, "ఈడ సన్న." ఇంకా కిందికి దింపి, "ఈడ ఒక గంటు. గోరు పెట్టి గీకుతుంటి." ఆ వేళ్ళ సున్నా ఎంతుందో నేను దారంతో అడ్డంగా కొలిచి, తెర మీద లావు అందులో సగం వచ్చేదాకా చుక్కలు జరుపుతూ పోయాను. ఎందుకంటే తెర మీద కోడు అసలు కోడులో సగమే పట్టేది. ఆకారం నిలబడ్డాక అవ్వ కళ్ళు తెరిచి చూసింది. "పాదం ఇంగ సొల్ప సన్న సెయ్యి తల్లీ." చేశాను. మళ్ళీ వలయాలన్నీ పడేదాకా కూర్చున్నాం. మూడోసారి ఆకారం నిలబడగానే అవ్వ తెర దగ్గరికి జరిగింది. కొంగుతో కళ్ళొత్తుకుని, "ఇదే" అంది. సారు కూడా కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

నా సంతోషానికి పట్టపగ్గాలు లేవు. అదే ఊపులో ట్రేసింగు కాగితం టీవీ అద్దం మీద పెట్టి, కింది సగం గీతను పెన్సిలుతో దింపుకున్నాను, పై సగానికి అసలు కోడే ఉంది కదా. కాగితం అంచుల్లో ముడతలు పడుతుంటే అరచేత్తో సాపుచేశాను. ఇంటికొచ్చి గళ్ళు గీసి రెండింతలకు పెంచాను. డ్రాయింగు టీచర్లకు అది వెన్నతో పెట్టిన విద్య. దాని ప్రకారం, కోడుకు ఆనించి సరిచూసుకునే అచ్చును మందపు అట్టలో కోసి అబ్బ చేతిలో పెట్టాను.

మా అబ్బకు పని నేర్పిన ఉస్తాదు దగ్గర నుంచి వచ్చిన కట్టుబాటు ఒకటుంది. కొత్త అచ్చు ఎవరు కోస్తే మొదటి కోడు వాళ్ళే తిప్పాలి. అచ్చులో తప్పుంటే అది కోసినవాడి చేతికే తెలియాలని. ఆ వరసలో ఎవరూ దాన్ని తప్పేవాళ్ళు కాదు. నేనూ దానికోసమే చూస్తున్నాను. అబ్బ అచ్చును వెలుతురుకు ఎత్తి చాలాసేపు చూశాడు. నా వైపు చూశాడు. దుంగ బిగించి తానే తిప్పడం మొదలుపెట్టాడు. అయినా సరే, అవ్వ ఒప్పుకుంటే పందెం నాదే కదా అని ఊరుకున్నాను.

అవ్వ వచ్చింది. పైనుంచి నిమిరింది. కింది గంటు దాటగానే చెయ్యి ఆగిపోయింది.

"ఇదేంది తల్లీ? బోదకాలు వచ్చినట్టుంది!"

వరసంతా ఘొల్లున నవ్వింది. నా తల కొట్టేసినట్టయింది. తెర మీద సన్నగా ముద్దుగా ఉన్న పాదం కొయ్యలో ఉబ్బి కూర్చుంది. అబ్బ ఆ కోడును పక్కన పెట్టి ఉలి నూరుకోవడానికి కూర్చున్నాడు. తిట్టినా బాగుండేది. ఇంక ఈ జన్మలో ఉలి నా చేతికి రాదని ఆ పూటే తేలిపోయిందనుకుని, గోడవైపు తిరిగి పడుకుని ఏడ్చాను.

సోమవారం ఆ ఏడుపంతా సారు మీద కోపమైంది. "మీ ప్రోగ్రాము తప్పు సార్! నా పరువు పోయింది!" అన్నాను. ఆయన బెదిరిపోయి తన పుస్తకం తిరగేశాడు, అన్నీ సరిచూశాడు, తప్పు కనబడలేదు.

"ఆకారాన్ని అచ్చుకు ఎట్లా తీసుకుపోయారు మేడమ్?"

చెప్పాను. ఆయన చెక్క స్కేలు తెచ్చి టీవీ అద్దానికి ఆనించాడు. మధ్యలో తగులుకుని రెండు కొసలూ ఊగుతున్నాయి. అద్దం ఉబ్బుగా ఉంది! ఉబ్బు మీద కాగితం పరిచి, ముడతలు సాపుచేసి గీస్తే కింది కొసలో ఉన్న పాదం సాగింది. దాన్ని రెండింతలు చేస్తే సాగుడు కూడా రెండింతలైంది. ఆ నోట్లో నాలుక లేని మనిషి పొట్ట పట్టుకుని నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది గానీ, కాసేపటికి నేనూ నవ్వాను. రెండ్రోజుల్లో ఆయన ఇంకో మీట చేసిచ్చాడు. అది నొక్కితే ఏ ఎత్తులో ఎంత లావో అంకెలు వరసగా తెర మీద పడతాయి. అంకెలకు ఉబ్బు ఉండదు. వాటిని రాసుకుని, స్కేలు పెట్టి కొత్త అచ్చు కోశాను.

దాన్ని సంచిలో పెట్టుకుని, అద్దం సంగతి ఎట్లా చెప్పాలా అని బస్సులో తల బద్దలు కొట్టుకుంటూ కొట్టుకు పోయాను. కొత్త అచ్చు బల్ల మీద పెట్టి నేను నోరు తెరవకముందే అబ్బ వరసంతా వినబడేటట్టు అన్నాడు.

"తప్పు నాదేనప్పా! అచ్చు పాప కోసింది, కొయ్య నేను పట్టినా. ఉస్తాదు మాట దాటినా. దాటితే ఇట్లనే అయితాది. ఈ తూరి మొదటి కోడు పాపే తిప్పాల."

పక్క కొట్లవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కట్టుబాటు కాబట్టి నవ్వకుండా ఎవరి పనిలోకి వాళ్ళు పోయారు. తప్పు అద్దానిదని నాకు తెలుసు. చెప్పాలి. నిజంగా చెప్పాలి. చెబితే అబ్బ తప్పు లేనట్టే, మరి ఉలి? దిగమింగుకున్నాను. దొంగదాన్ని. ఈ రోజుకీ ఒప్పుకుంటాను.

మరుసటి ఆదివారం దుపట్టా ఇంట్లో పెట్టి, జడ ముడేసి పిన్నులు దిగ్గొట్టి, అబ్బ పాత చొక్కా వేసుకుని తరిమెన ముందు నిలబడ్డాను. దుంగ తిరగడం మొదలయ్యాక ఉలిని రెండుసార్లు ఆనించబోయి వెనక్కి తీశాను. ఇక్కడ వెనక్కి తెచ్చే మీట లేదు. ఆ బయ్యమేందో అప్పుడు తెలిసింది. అబ్బ నా వెనక నిలబడి, ముట్టుకోకుండా, "నిదానం... ఆనించు... అట్ల..." అంటూనే ఉన్నాడు. పొట్టు చివ్వున లేచి నా మొహం మీద పడింది. ఆ పూటంతా తిప్పాను. చేతులు పడిపోయాయి. ఒక్క కోడు తయారైంది.

అవ్వ వచ్చి కళ్ళు మూసుకుని నిమిరింది. పైనుంచి కిందికి, కిందినుంచి పైకి. గంటు దగ్గర గోరు పెట్టి గీకింది. కళ్ళు తెరవకుండానే, "ఇంగ మూడు" అంది.

ఆమె పోయాక ఆ దొంగతనాన్ని ఇంక దాచుకోలేకపోయాను. "అబ్బా, ఆ పొద్దు తప్పు నీది గాదు. కట్టుబాటుదీ గాదు. టీవీ అద్దం ఉబ్బుది. నా అచ్చే తప్పు. తెలిసీ నీకు సెప్పలేదు" అని ఒక్క గుక్కలో అనేశాను.

అబ్బ ఉలి నూరడం ఆపలేదు. "అద్దం సంగతి నాకు తెల్దు. పాదం ఉబ్బిందని అచ్చు సూస్తానే తెలిసింది."

"తెలిసీ తిప్పినావా?"

"నీకు సెప్పుంటే దిద్దుకొస్తావు. నువ్వు గెలిచినా, ఈ నలుగురూ నవ్వుతారని ఉలి ఇచ్చేదానికి నాకు దైర్యం సాలకపోతుండ్య పాపా. ఉస్తాదు మాట దాటిన తప్పు నా మీద ఉంటే, నీకు ఉలి ఇచ్చినా ఇంగ ఎవురూ ఏమీ అనలేరు గదా."

మంచి దుంగను, పాడవుతుందని తెలిసి తెలిసీ, మా అబ్బ నా కోసం పాడు చేశాడు. నాకు ఏడుపు ఆగలేదు. ఆయన ఉలి మొన బొటనవేలి మీద చూసుకుని నా చేతికిచ్చి, రెండో దుంగ బిగించమన్నాడు.